ఉప్పుకు పెట్టిన పరీక్ష

ఉప్పలగుప్తంలో ఒక ఇల్లు అనుకుందాం. చుట్టూ కొబ్బరిచెట్లు. ఇంట్లో అత్తగారు, కొడుకు, కోడలు, ఇంటర్ చదివే మనవరాలు. మొత్తం నలుగురు.

అత్తగారికి అరవై దాటాయి. ఆరేళ్ల నుంచి బి.పి. ఉంది. రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలి. వేసుకుంటుంది. ఒక్కోరోజు మర్చిపోతుంది. ఒక్కోరోజు, "ఇవాళ బాగానే ఉన్నాను కదా" అని కావాలనే మానేస్తుంది.

కోడలు ఈమధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది. కనిపించిందల్లా చదువుతోంది. బస్సు మీద పేరు, గోడ మీద రాతలు, పప్పుల పాకెట్టు, ఏదీ వదలదు.

ఒక రోజు కొడుకు అమలాపురం నుంచి ఉప్పు పాకెట్టు తెచ్చాడు. మామూలు ఉప్పు కన్నా ధర ఎక్కువ. "ఇది బి.పి. ఉన్నవాళ్లు వాడే ఉప్పంట. అమ్మకి మంచిది" అన్నాడు.

అదే సమయానికి పక్కింటావిడ వచ్చింది. పాకెట్టు చూసి, "మేం ఇదే వాడుతున్నాం వదినా. నెల తిరిగేసరికి నాకు బి.పి. దిగిపోయింది, ఆయ్. మాత్ర కూడా ఆపేశాను" అంది.

అత్తగారి ముఖం వెలిగిపోయింది. "అయితే ఇంక నాకూ మాత్రలెందుకే అమ్మాయ్?"

కోడలు పాకెట్టు అటూ ఇటూ తిప్పింది. వెనకాల అన్నీ చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు నేర్చుకున్నవాళ్లకి కూడా పనికిరాకుండా రాస్తారు వీటిని! కూతుర్ని పిలిచి చదవమంది. "సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్" అని చదివింది ఆ పిల్ల.

"మొదటిది మామూలు ఉప్పే. రెండోది ఏమిటో?" అంది కోడలు. "మాత్ర ఆపకండత్తయ్యా. పాకెట్టు ఇప్పుడే విప్పొద్దు. రేపు నర్సమ్మని అడుగుదాం."

నర్సమ్మ ఏం చెప్పింది?

మర్నాడు ముగ్గురూ ఊళ్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. పక్కింటావిడ కూడా వచ్చింది. నర్సమ్మ ముందు ఆమెకే బి.పి. చూసింది. పై అంకె 158. కింది అంకె 94.

"దిగిపోయిందన్నారు కదండీ?" అంది నర్సమ్మ.

"మొన్న తక్కువే ఉందమ్మా!"

"మొన్న ఎప్పుడు చూపించుకున్నారు?"

ఆమె ఆలోచించి చెప్పింది. ఉప్పు మార్చిన వారం తరవాత చూపించుకుంది. అప్పటికి మాత్ర వేసుకుంటూనే ఉంది. ఆ వారం ఇంట్లో ఆవకాయ జాడీ కూడా ఖాళీ అయింది. పైగా ఆ రోజు పని లేదు, కాసేపు కూర్చుని మరీ చూపించుకుంది.

ఇప్పుడు చెప్పండి. ఆమెకు బి.పి. తగ్గింది దేని వల్ల? కొత్త ఉప్పు వల్లా? మాత్ర వల్లా? ఆవకాయ అయిపోయినందువల్లా? స్థిమితంగా కూర్చున్నందువల్లా? ఎవరూ చెప్పలేరు. ఆమె అబద్ధం చెప్పలేదు. తనకు కనిపించింది చెప్పింది. కానీ ఒక మనిషికి జరిగినదాన్ని బట్టి కారణం తేల్చలేం.

బి.పి. అనేది ఒక్కచోట నిలిచి ఉండదు. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. నడిచొస్తే పెరుగుతుంది. కోపం వస్తే పెరుగుతుంది. అందుకే ఏ నాటు మందు వాడినా, ఏ ఆకు నమిలినా, ఏదో ఒక రోజు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క రోజునే పట్టుకుని ఊరంతా చెప్పుకుంటారు.

మరి నిజం తేల్చేదెలా? దానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. అంటే మనుషుల మీద, వాళ్ల ఒప్పుదలతో, పద్ధతి ప్రకారం చేసే పరీక్ష. విశ్వవిద్యాలయాలు, పెద్ద ఆసుపత్రులు, పరిశోధన సంస్థలు ఇలాంటివి చేస్తాయి. కొత్త మందులకే కాదు, మనం రోజూ తినే ఉప్పుకు కూడా ఇలాంటి పరీక్ష పెట్టారు. దూరదేశంలోనే కాదు, మన తెలుగు పల్లెల్లో కూడా.

గోదావరి అవతల ఒక లెక్క

కోనసీమకు పడమర వశిష్ఠ గోదావరి. అది దాటితే పశ్చిమ గోదావరి. ఆ గోదావరి ప్రాంతంలో 45 ఊళ్లలో 2003లో ఒక పని మొదలైంది. ఆస్ట్రేలియా దేశపు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ, హైదరాబాదు కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్, మరికొందరు కలిసి చేశారు.

ఆ ఊళ్లలో దాదాపు 1,80,000 మంది జనం. పల్లెల్లో ఎవరైనా పోతే ఏమంటాం? "పెద్దవయసు" అంటాం. "గుండె ఆగింది" అంటాం. "జ్వరం వచ్చి పోయాడు" అంటాం. అసలు కారణం కాగితం మీద ఉండదు. అందుకని ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లారు. పోయేముందు ఏమైంది, ఎక్కడ నొప్పి వచ్చింది, చెయ్యీ కాలూ పడిపోయాయా, మాట పోయిందా అని ఇంటివాళ్లని అడిగి రాసుకున్నారు. డాక్టర్లు ఆ రాతలు చదివి కారణం తేల్చారు.

ఏడాదిలో 1,354 మరణాలు లెక్కకు వచ్చాయి. నూటికి 32 మంది గుండె జబ్బులు, పక్షవాతం వంటి రక్తనాళాల జబ్బులతో పోయారు. అంటువ్యాధులతో పోయినవాళ్లు నూటికి 12 మందే.

గుండెపోటు పట్నం వాళ్ల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనుకునేవాళ్లం. వరిచేలో, చేపల చెరువు గట్టు మీద పనిచేసే పల్లె జనంలోనే ఈ లెక్క వచ్చింది. గోదావరికి ఆ గట్టు మీద ఉన్న తిండే ఈ గట్టు మీదా ఉంది. ఆ పచ్చళ్లే, ఆ ఎండుచేపలే, ఆ అప్పడాలే, ఆ వడియాలే.

ఈ జబ్బులకు పెద్ద దారి బి.పి. బి.పి.కి ఒక పెద్ద దారి ఉప్పు. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది. కాలువలో నీరు ఎక్కువైతే గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది కదా. రక్తనాళాల్లోనూ అంతే. ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే ఎక్కడో ఒకచోట గండి పడుతుంది, లేదా దారి పూడుకుపోతుంది. అది మెదడులో జరిగితే పక్షవాతం.

చీటీ తీసి పంచిన ఉప్పు

తెలంగాణలో సిద్దిపేట జిల్లా ఉంది. అక్కడి పల్లెల్లో అదే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఉప్పుకు పరీక్ష పెట్టారు. సిడ్నీ నగరంలో ఉన్న న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసే సంస్థ అది. హైదరాబాదులో కూడా వాళ్ల శాఖ ఉంది. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి.

బి.పి. ఉన్నవాళ్లు 502 మందిని చేర్చుకున్నారు. వాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు ఉప్పు. రెండో జట్టుకు మార్పు ఉప్పు. మార్పు ఉప్పులో నూటికి 70 పాళ్లు మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్. మిగతా 30 పాళ్లు పొటాషియం క్లోరైడ్. కోడలు కూతురిచేత చదివించిన రెండో పేరు ఇదే. ఇది కూడా ఉప్పగానే ఉంటుంది. కానీ సోడియంలా బి.పి.ని పెంచదు, కొంత తగ్గిస్తుంది.

ఎవరు ఏ జట్టులో ఉండాలో ఎవరు తేల్చారు? డాక్టరు కాదు. ఆ మనిషీ కాదు. చీటీ తీసినట్టు, అదృష్టం మీద వదిలేశారు.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఇష్టం వచ్చిన ఉప్పు తీసుకోమంటే ఏమవుతుంది? ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లంతా కొత్త ఉప్పు తీసుకుంటారు. వాళ్లు ఎలాగూ మాత్రలు సరిగా వేసుకుంటారు, పచ్చడి తగ్గిస్తారు. వాళ్లకు బి.పి. తగ్గితే ఆ గొప్ప ఉప్పుది కాదు, వాళ్ల శ్రద్ధది. చీటీ తీస్తే అలా జరగదు. శ్రద్ధ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, ముసలివాళ్లూ వయసులో ఉన్నవాళ్లూ, పచ్చడి ప్రియులూ చప్పిడి తినేవాళ్లూ రెండు వైపులా ఇంచుమించు సమంగా పడతారు. తేడా ఒక్కటే మిగులుతుంది. అదే ఉప్పు.

రెండో కిటుకు ఇంకా బాగుంటుంది. ఏ పాకెట్టులో ఏ ఉప్పు ఉందో వాడేవాళ్లకు చెప్పలేదు. బి.పి. చూసేవాళ్లకూ చెప్పలేదు. ఆ రహస్యం వేరేచోట దాచి ఉంచుతారు. పరీక్ష అంతా అయ్యాకే విప్పి చూస్తారు.

"అదేమిటి, మోసం కాదా?" అంది అత్తగారు ఇది విని.

నర్సమ్మ నవ్వింది. "మోసం కాదు మామ్మగారూ. రెండిట్లో ఏదో ఒకటి వస్తుంది, ఏది వచ్చిందో చెప్పం అని ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లనే చేర్చుకుంటారు. మీకు ఇది మంచి ఉప్పు అని తెలిసిందనుకోండి. ధైర్యం వచ్చేస్తుంది. నిన్న మాత్ర మానేద్దామనుకోలేదూ?"

అత్తగారు మాట్లాడలేదు.

బి.పి. చూసేవాళ్ల సంగతీ అంతే. ఈమెకు మంచి ఉప్పు ఇచ్చాం అని తెలిస్తే, 146 వచ్చినచోట ఇంకోసారి చూద్దాం అనిపిస్తుంది. రెండోసారి 142 వస్తే అదే రాస్తారు. కావాలని చేసింది కాదు. మనిషి కన్ను అలాంటిది.

మూడు నెలలు గడిచాయి. మార్పు ఉప్పు వాడిన జట్టులో పై బి.పి., రెండో జట్టుతో పోలిస్తే, సగటున 4.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. రుచి నచ్చిందా అని అడిగితే రెండు జట్లవాళ్లూ ఇంచుమించు ఒకేలా బాగుందన్నారు.

"నాలుగున్నర పాయింట్లేనా! దానికింత హడావుడా?" అంది పక్కింటావిడ.

ఆ ప్రశ్న మంచిదే. 158 ఉన్న మనిషికి నాలుగున్నర తగ్గితే ఇంకా 153 ఉంటుంది. 140 కన్నా ఎక్కువే. అంటే ఉప్పు మార్చడం మాత్రకు బదులు కాదు. మాత్రకు తోడు, అంతే. పక్కింటావిడ చేసిన తప్పు ఉప్పు మార్చడం కాదు, మాత్ర ఆపడం.

అయితే చిన్న తగ్గుదలకు కూడా విలువ ఉంది. దాన్ని చూడాలంటే ఒక్క మనిషిని చూస్తే చాలదు, వేలమందిని చూడాలి. ఆ పని చైనాలో చేశారు. 600 పల్లెలు. దాదాపు 21,000 మంది. అందరూ ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై ఏళ్లు నిండి బి.పి. ఉన్నవాళ్లు. ఈసారి మనుషులకు కాదు, ఊళ్లకు చీటీ తీశారు. సగం ఊళ్లకు మార్పు ఉప్పు ఉచితంగా ఇచ్చారు. సగం ఊళ్లు మామూలు ఉప్పే వాడాయి. దాదాపు అయిదేళ్లు కనిపెట్టి చూశారు.

మామూలు ఉప్పు ఊళ్లలో వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే దాదాపు 34 సార్లు పక్షవాతం వచ్చింది. మార్పు ఉప్పు ఊళ్లలో దాదాపు 29 సార్లు వచ్చింది. మరణాలు కూడా తగ్గాయి. ఈ ఫలితం కూడా 2021లోనే వచ్చింది. వెయ్యిమందిలో ఏడాదికి అయిదు తక్కువ. అంకె చిన్నదే. కానీ మంచం పట్టిన మనిషికి నీళ్లు పోసి, బట్టలు మార్చి, అన్నం తినిపించిన కోడళ్లకు, కూతుళ్లకు ఆ అయిదు ఎంతో తెలుసు.

అందరికీ పడదు

"అయితే ఈ ఉప్పు అందరం వాడుకోవచ్చా అక్కా?" అని అడిగింది కోడలు.

"అందరూ కాదు" అంది నర్సమ్మ.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఒంట్లో పొటాషియం ఎక్కువైతే దాన్ని బయటికి పంపేవి మూత్రపిండాలు. కిడ్నీలు అన్నా అవే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో అది బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది. మరీ ఎక్కువైతే గుండె కొట్టుకోవడం గతి తప్పుతుంది. ప్రాణానికే ముప్పు. మన కోనసీమలో కొబ్బరినీళ్లు ఎవరికైనా మంచివే అంటాం. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను డాక్టర్లు కొబ్బరినీళ్లు వద్దంటారు. ఎందుకు? కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఉప్పు సంగతీ అదే. చైనాలో కూడా కిడ్నీ జబ్బు బాగా ఉన్నవాళ్లను పరీక్షలో చేర్చుకోలేదు.

ఇంకో చిక్కు ఉంది. బి.పి.కి, గుండెకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. అలాంటి మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఉప్పు మార్చకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పు గురించి ఒక సలహా ఇచ్చింది. ఇంట్లో ఉప్పు వాడేవాళ్లు మామూలు ఉప్పు బదులు ఇలాంటి ఉప్పు వాడుకోవచ్చు అంది. గర్భిణీలకు, పిల్లలకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ సలహా వర్తించదు అని కూడా చెప్పింది.

ఒక ఇంట్లో అందరూ ఒకే కూర తింటారు. ముసలామెకు కిడ్నీ జబ్బు ఉండొచ్చు, కోడలు గర్భిణి కావచ్చు. పాకెట్టు విప్పేముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకోవాలి. కిడ్నీ జబ్బు మొదట్లో పైకి కనిపించదు. రక్తపరీక్ష చేస్తేనే తెలుస్తుంది. దాన్ని క్రియాటినిన్ పరీక్ష అంటారు. బి.పి., సుగర్ ఉన్నవాళ్లు ఎలాగూ ఈ పరీక్ష చేయించుకోవాలి.

ధర కూడా చూడాలి. మార్పు ఉప్పు కొనలేనివాళ్లు ఏం చెయ్యాలి? మామూలు ఉప్పే తగ్గించుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదు. అంటే ఒక చిన్న చెంచాడు. ఈ ఇంట్లో నలుగురున్నారు కదా. కిలో పాకెట్టు ముప్పై రోజుల్లో అయిపోతోందనుకుందాం. 1000 గ్రాములను నలుగురికి పంచితే మనిషికి 250. దాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 8 గ్రాముల పైన. ఇందులో ఆవకాయ లెక్క లేదు, ఎండుచేప లెక్క లేదు. ఆ పాకెట్టు యాభై రోజులు వస్తే, అప్పుడు మనిషికి 5 గ్రాములు.

ఫలితం రాకపోవడం కూడా ఫలితమే

పరీక్ష పెట్టిన ప్రతిదీ గెలవదు. పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇంకో పరీక్ష జరిగింది. ఆశ కార్యకర్తల చేతికి చిన్న కంప్యూటరు పలకలు ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి బి.పి. చూశారు. గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎవరికి ఎక్కువో ఆ పలక లెక్కకట్టి చెప్పేది. అలాంటివాళ్లను డాక్టరు దగ్గరకు పంపారు. మంచి ఆలోచన. అందరూ గెలుస్తుందనుకున్నారు.

2019లో ఫలితాలు వచ్చాయి. బి.పి. అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ సంగతి దాచలేదు, ఉన్నదున్నట్టు అచ్చువేశారు. దానివల్ల లాభం ఏమిటి? జబ్బు ఉందని చెప్పి డాక్టరు దగ్గరకు పంపినంత మాత్రాన సరిపోదని తెలిసింది. పోల్చి చూడకపోతే, బ్రహ్మాండంగా ఉందని చెప్పుకుని అందరం నమ్మేవాళ్లం.

సంతకం ఎవరిది?

ఇంతవరకు పరీక్షలవల్ల వచ్చే మంచి చెప్పుకున్నాం. కానీ పరీక్ష జరిగేది మనుషుల మీద. అడగకుండా ఎవరినీ చేర్చకూడదు. అడిగామని కాగితం మీద చూపించి, అసలు అడగకుండా ఉంటే? అలాంటిది మన రాష్ట్రంలో జరిగింది.

గోదావరి మీద ఎగువకు పోతే భద్రాచలం. ఇప్పుడు తెలంగాణలో ఉంది. 2009లో ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేశారు. ఒక అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. దాదాపు 14,000 మంది పిల్లలకు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు.

కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి గొడవ అయింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణ జరిగింది. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. ఈ టీకా ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, క్యాన్సరును ఆపుతుందని రుజువైంది. కాబట్టి టీకా పేరు విని భయపడనక్కర్లేదు.

తప్పు ఇంకోచోట బయటపడింది. పిల్లలకు టీకా వెయ్యడానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. ఆ ఒప్పుదల కాగితాలను తీసి చూశారు. పార్లమెంటు సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఆ లెక్క ఉంది. చూసిన కాగితాలు 9,543. అందులో 2,763 కాగితాల మీద సంతకం పెట్టింది తల్లీ కాదు, తండ్రీ కాదు, హాస్టలు వార్డెన్లు. 1,948 కాగితాల మీద వేలిముద్రలు.

ఆ 1,948 వేలిముద్రల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వేలిముద్ర వెయ్యడం తప్పు కాదు. కానీ ఆ కాగితంలో ఏముందో ఆ తల్లికి ఎవరు చదివి చెప్పారు? సరిగా చెప్పారా? ఏ టీకా, ఎందుకు, వద్దంటే ఏమవుతుంది అని ఆమె అడిగిందా? అది కాగితం మీద ఉండదు. వేలిముద్ర ఒక్కటే ఉంటుంది.

కార్యక్రమం చేసినవాళ్లు అది క్లినికల్ ట్రయల్ కాదన్నారు. పార్లమెంటు సంఘం ఆ మాట ఒప్పుకోలేదు. పేరు ఏదైతేనేం, పిల్ల ఒంటికి సూది గుచ్చేముందు ఆ పిల్ల తల్లినో తండ్రినో అడగాలి కదా.

ఆ తరవాత నిబంధనలు గట్టిపడ్డాయి. మందుల పరీక్షలకు 2019లో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. పరీక్షలో చేరమని అడిగేవాళ్లు దాని సంగతి మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఒక నకలు మన దగ్గర ఉంచాలి. చదవడం రానివారైతే, పరీక్షతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. మొత్తం విన్నాక ఆ సాక్షి కూడా సంతకం చెయ్యాలి. చేరాక ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. మానుకున్నామని మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్షవల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చెయ్యాలి, నష్టపరిహారం ఇవ్వాలి. పరీక్ష మొదలుపెట్టేముందు నీతి సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘంలో డాక్టర్లే కాదు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. పరీక్షను ప్రభుత్వ జాబితాలో నమోదు చెయ్యాలి. ఆ నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి.

"మనల్ని ఎవరు అడుగుతారులే" అనుకోవచ్చు. సిద్దిపేట పల్లెల్లో అడిగారు. పశ్చిమ గోదావరిలో అడిగారు. రేపు ఉప్పలగుప్తం రావచ్చు, ఎస్.యానం రావచ్చు. వస్తే మంచిదే. మన తిండి, మన ఒళ్లు, మన పని చూసి తేల్చిన లెక్క మనకే ఎక్కువ పనికొస్తుంది. కానీ వచ్చినవాళ్లు కాగితం చేతికిచ్చి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని వేలు చూపిస్తే? ఎవరు మీరు, ఎవరు పంపారు, నాకేం ఇస్తారు, దానివల్ల ఏం కావచ్చు, వద్దంటే ఏమవుతుంది, ఏదైనా అయితే ఎవరికి ఫోను చెయ్యాలి అని అడగవచ్చు. "ఈ కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు చెప్తాను" అనవచ్చు. ఆ మాట అంటే ఎవరూ తప్పు పట్టకూడదు. పడితే, అలాంటివాళ్ల దగ్గర చేరకపోవడమే మంచిది.

పాకెట్టు విప్పిన రోజు

పక్కింటావిడ ఆ రోజే మళ్లీ మాత్ర మొదలుపెట్టింది. నర్సమ్మ అక్కడే, ఎదురుగా నిలబడి వేయించింది.

అత్తగారికి రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆమె వేసుకునే మాత్రల అట్ట కూడా డాక్టరుకు చూపించాలంది నర్సమ్మ. పాకెట్టు అలాగే అలమరలో ఉండిపోయింది. నాలుగు రోజులు కొడుకు సణుగుతూనే ఉన్నాడు. "అంత డబ్బు పెట్టి తెస్తే అలమరకి తినిపిస్తున్నారా?"

రిపోర్టు వచ్చింది. కాగితం నిండా ఇంగ్లీషే. కానీ అంకెలకు ఇంగ్లీషు అక్కర్లేదు. క్రియాటినిన్ అని ఉన్నచోట మనవరాలు వేలు పెట్టింది. అంకె కోడలు చదివింది. 0.9. పక్కనే ఎంత లోపు ఉండాలో కూడా అచ్చువేసి ఉంది. ఆ లోపే ఉంది. డాక్టరు రిపోర్టు చూశాడు, మాత్రల అట్ట చూశాడు. ఉప్పు మార్చుకోవచ్చన్నాడు. మాత్ర మాత్రం ఆపొద్దన్నాడు. కొన్ని వారాల తరవాత మళ్లీ ఒకసారి రక్తం చూపించుకోమన్నాడు.

ఆ సాయంత్రం కోడలు పాకెట్టు విప్పింది. పప్పులో వేసింది. అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు మారినట్టే లేదే!" అంది. ఇంకో నిమిషానికి, "ఆవకాయ ఏదీ?" అంది.

"సగం బద్దే వేస్తాను అత్తయ్యా" అంది కోడలు.

అన్నాలయ్యాక కోడలు కూతురి పెన్ను అడిగి తీసుకుంది. పాకెట్టు మీద ఆ రోజు తారీఖు రాసింది. దాని కింద ఇంకోటి రాసింది: నలుగురం, 50 రోజులు.